రేపు చూడలేని ఇంటిపని ఇవ్వకండి

తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా నాకు రెండు రకాల ఫిర్యాదులు వస్తాయి. "టీచర్ గారూ, మావాడికి ఇంటిపని ఇవ్వరేమిటి? పుస్తకమంతా తెల్లగా ఉంది" అని ఒకరు. "ఇంటికి వచ్చిన దగ్గర నుంచి రాస్తూనే ఉంటోంది, కాస్త తగ్గించండి" అని ఇంకొకరు. ఒకే తరగతి గురించి ఒకే రోజున ఈ రెండూ వినడం మామూలే. ఇంటిపని ఉండాలా వద్దా అన్న వాదన పత్రికల్లో ఎన్నాళ్లయినా సాగుతుంది. బడిలో పనిచేసే మనిషికి మాత్రం ఆఖరి పీరియడ్‌లో గంట కొట్టే ముందు తేల్చుకోవలసింది ఒకటే: ఈ పిల్లలకు ఈ సాయంత్రం ఏమిచ్చి పంపాలి, అసలు ఏమైనా ఇవ్వాలా?

నేను పనిచేసినవన్నీ పల్నాడు వైపు ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులే. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ల కోసం, ఇంట్లో పిల్లల పక్కన కూర్చునే తల్లిదండ్రుల కోసం నా పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఏది ఇవ్వబోయినా ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాను. పెద్దవాళ్లెవరూ చెప్పకుండా ఈ పిల్ల దీన్ని చేయగలదా? ఇంట్లో లేని వస్తువు ఏదైనా కొనవలసి వస్తుందా? రేపు దీన్ని నేను చూడగలనా? మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ పని ఇవ్వను. ఎక్కువసార్లు ఆపేది మూడో ప్రశ్నే.

నిబంధన ఏమంటుందో ముందు తెలుసుకోండి

చాలామంది టీచర్లకే ఇది తెలియదు. పిల్లల మీద చదువు బరువు తగ్గించడానికి కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లో ఇచ్చిన నివేదికలోనే ప్రాథమిక తరగతులకు ఇంటిపని వద్దని, ఇస్తే ఇంటి పరిసరాలను గమనించే పనులే ఇవ్వాలని చెప్పింది. పై తరగతుల్లో కూడా అవసరమైతేనే, అది పాఠ్యపుస్తకంతో పనిలేనిదై ఉండాలని సూచించింది. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం లెక్కలతో సహా చెప్పింది. 2వ తరగతి వరకు ఇంటిపని లేదు. 3 నుంచి 5 వరకు వారానికి గరిష్ఠంగా 2 గంటలు. 6 నుంచి 8 వరకు రోజుకు గంట. 9 నుంచి 12 వరకు రోజుకు 2 గంటలు.

వారానికి 2 గంటలంటే ఆరు రోజుల బడిలో రోజుకు 20 నిమిషాలు. అదీ అన్ని సబ్జెక్టులకూ కలిపి. ఇక్కడే ప్రాథమికోన్నత బడుల్లో లెక్క తప్పుతుంది. లెక్కల టీచరు అరగంట పని ఇస్తారు, ఎక్కువేమీ ఇవ్వలేదనుకుంటారు. ఇంగ్లీషు టీచరు అలాగే అనుకుంటారు. తెలుగు, హిందీ, సైన్సు, సోషల్ కూడా అదే దారి పడితే పిల్లవాడి సాయంత్రం మూడు గంటలు గల్లంతు. ఎవరి తప్పూ కనిపించదు, ఎందుకంటే ఎవరికి వాళ్లు కొంచెమే ఇచ్చారు. దీనికి మందు స్టాఫ్‌రూమ్ గోడ మీద ఒక కాగితం. సోమవారం లెక్కలు, తెలుగు. మంగళవారం ఇంగ్లీషు, సైన్సు. ఇలా రోజుకు రెండు సబ్జెక్టులకు మించకుండా రాసి అంటించండి. తన వంతు కాని రోజున ఎవరైనా ఇంటిపని ఇస్తే పిల్లలే చెబుతారు. వాళ్లకు ఇలాంటి విషయాల్లో జ్ఞాపకశక్తి అద్భుతం.

ఉత్తర్వులతోనే అన్నీ మారిపోతాయని నాకు భ్రమ లేదు. ఫ్రాన్స్‌లో 1956లోనే ప్రాథమిక బడుల్లో రాత ఇంటిపనిని నిషేధించారు. అక్కడ ఈనాటికీ టీచర్లు ఇస్తూనే ఉన్నారు, తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. అయినా నిబంధన చేతిలో ఉంటే, "పక్క బడిలో రోజూ పది పేజీలు రాయిస్తారు" అన్న తండ్రికి జవాబు చెప్పడం తేలిక.

ఇంటి సాయంత్రాన్ని తెలుసుకోండి

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారాల్లోనే ఈ పని చేయండి. ఫారాలు నింపించకండి, ఫారంలో అందరి ఇళ్లూ ఒకేలా ఉంటాయి. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలతో మాట్లాడండి. చీకటి పడేసరికి ఇంట్లో ఎవరుంటారు? అన్నం ఎవరు వండుతారు? లైటు ఎక్కడుంది? టీవీ ఉన్న గదిలోనే కూర్చుంటావా? అక్షరాలు చదవగలిగినవాళ్లు ఇంట్లో ఎవరు?

మా వైపు జనవరి నుంచి మిరప కోతలు. తల్లులు తెల్లవారకముందే ఆటో ఎక్కి చేలకు వెళ్తారు, చీకటిపడ్డాక వస్తారు. 4వ తరగతి ఆడపిల్ల ఇంటికి వెళ్లి, తమ్ముణ్ణి అంగన్‌వాడీ నుంచి తెచ్చుకుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది. ఆ పిల్లకు మనం ఇచ్చే 20 నిమిషాలు ఆమె రోజులో మిగిలిన ఆఖరి 20 నిమిషాలు. ఇది తెలిసిన టీచరు "పాఠం వెనక ప్రశ్నలన్నీ రాసుకురండి" అని చెప్పలేదు. కోతల కాలంలో నేను రాత పని దాదాపు మానేస్తాను.

ఇంట్లో కుదరనివాళ్ల కోసం బడిలోనే చోటు చూపించండి. ప్రార్థనకు ముందు పావుగంట, వరండాలో ఒక మూల చాలు. అక్కడ కూర్చుని చేసినా అది ఇంటిపనే అని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. లేకపోతే అది తప్పు చేసినవాళ్లు కూర్చునే మూలగా మారిపోతుంది.

1, 2 తరగతులకు

రాత పని వద్దు. ఇదొక్కటి గట్టిగా పట్టుకోండి. ఆరేళ్ల పిల్లల చేతివేళ్లకు పగలంతా పలకా పుస్తకమూ సరిపోతాయి.

ఖాళీ పుస్తకం చూసి తల్లిదండ్రులు కంగారు పడకుండా ఉండాలంటే, నోటితో చేసే పని ఏదైనా ఇచ్చి పంపండి. నాకు బాగా పనికొచ్చింది పొడుపు కథ. నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి ఒక పొడుపు కథ నేర్చుకుని రమ్మంటాను. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అని ఒకడు తెస్తాడు. కనురెప్పలని విప్పేలోపు తరగతి మొత్తం కళ్లు మూసి తెరుస్తూ ఉంటుంది. "తోక లేని పిట్ట తొంభై ఆమడ పోతుంది" అని ఇంకొకతె. ఆ ఉత్తరం ఎలా ఉంటుందో ఈ పిల్లలు చూడలేదు కాబట్టి మరుసటి రోజు నేను ఒక పోస్టు కార్డు తెచ్చి చూపించవలసి వస్తుంది. చదువురాని నాయనమ్మ కూడా ఈ ఇంటిపనిలో టీచరే. బడి అంటే తనకు సంబంధం లేని చోటనుకునే పెద్దావిడ, వారం తిరక్కుండా కొత్త పొడుపు కథ సిద్ధం చేసుకుని ఉంటుంది.

3 నుంచి 5 వరకు: అసలు పని ఇక్కడ

ముందు మానవలసినది చెబుతాను. పదిసార్లు రాయించడం మానండి. పదిసార్లు రాయమన్నప్పుడు పిల్లలు ఎలా రాస్తారో ఎప్పుడైనా పక్కన నిలబడి చూడండి. వాక్యం అడ్డంగా రాయరు. మొదటి పదాన్ని పై నుంచి కిందికి పది వరుసల్లో నింపుతారు, తర్వాత రెండో పదం, తర్వాత మూడోది. వాక్యం వాళ్ల బుర్రలోకి ఒక్కసారి కూడా వెళ్లదు. పైగా మొదటి వరుసలో "విద్యార్థి" బదులు "విద్యార్ధి" అని రాసిన పిల్ల ఆ తప్పును తొమ్మిదిసార్లు సాధన చేస్తుంది. మర్నాడు మనం ఎర్ర సిరాతో సున్నా చుట్టేసరికి చెయ్యి దానికి అలవాటు పడిపోయి ఉంటుంది.

దాని బదులు ఇలా చేయండి. రోజు చివర్లో ఐదు పదాలు ఉక్తలేఖనం చెప్పండి. ళ, ల తేడా ఉన్నవి, శ, ష, స ఉన్నవి, ఒత్తు ఉన్నవి ఏరి చెప్పండి. తరగతిలోనే దిద్దుకోనివ్వండి. తప్పు పోయిన పదాలు మాత్రమే ఇంటికి. ఒక్కొక్క దానితో ఒక సొంత వాక్యం. అన్నీ సరిగా రాసిన పిల్లకు ఆ రోజు ఇంటిపని లేదు. ఈ ఒక్క నియమం వల్ల ఉక్తలేఖనం సమయానికి తరగతి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీరే చూస్తారు.

ఎక్కాలకూ అంతే. 7వ ఎక్కం ఐదుసార్లు రాసుకు రమ్మనకండి. 7 ఐదులు 35 అని ఇచ్చి, 7 ఆరులు, 7 ఎనిమిదులు, 7 తొమ్మిదులు కనుక్కుని, ఎలా కనుక్కున్నారో చెప్పమనండి. 35కు 7 కలిపి 42 అన్నవాడు ఒక దారిలో వస్తాడు. 7 పదులు 70లోంచి 7 తీసేసి 63 అన్న పిల్ల ఇంకో దారిలో వస్తుంది. మర్నాడు ఈ దారులన్నీ బోర్డు మీద పెడితే అదే మంచి పాఠం.

లెక్కలు ఇస్తే నాలుగు చాలు. రెండు పోయిన వారం పాఠంలోవి, ఒకటి ఈరోజుది, ఒకటి పిల్లలే తయారు చేసి తేవలసినది. ఈరోజు చెప్పిన పాఠం మీద నాలుగూ ఇస్తే, సరిగా అర్థం కాని పిల్ల నాలుగూ తప్పు చేస్తుంది లేదా ఎవరితోనో చేయించుకుంటుంది. పాత పాఠం మరిచిపోకుండా చేయడానికి ఇంటిపని పనికొస్తుంది. కొత్త పాఠం నేర్పవలసింది బడిలోనే. సొంత లెక్క దగ్గర పిల్లల తెలివి బయటపడుతుంది. "టిక్కీకి 40 కిలోలు. మా నాన్న 12 టిక్కీలు వేశాడు. మొత్తం ఎన్ని కిలోలు?" అని 5వ తరగతి కుర్రవాడు తెచ్చాడంటే (టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా) వాడికి గుణకారం వచ్చినట్టే. కింద ధర కూడా వేసి అప్పు తీసేశాడంటే వాడికి మన సిలబస్ కంటే ఎక్కువే వచ్చు.

చదవడం రోజూ ఇవ్వవచ్చు. ఒక పేజీ, గట్టిగా, ఎవరికైనా చదివి వినిపించాలి. వినేవాళ్లకు చదువు రానక్కరలేదు. మంచంలో ఉన్న తాతయ్య అయినా సరే. ఆగిపోయిన మూడు పదాలు పుస్తకం వెనక పెన్సిల్‌తో రాసుకుని రావాలి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉంటున్నాయి కదా, ఇంగ్లీషు పేజీ చదవవలసిన రోజున ముందు తెలుగు పేజీ చదవమనండి. కథ తెలిశాక ఇంగ్లీషు పదాలు అంత భయపెట్టవు. సంతకం మాత్రం అడగకండి. సంతకం రాని తల్లికి అదొక అవమానం. సంతకం వచ్చిన తండ్రి వినకుండానే పెడతాడు.

చార్టులు, థర్మోకోల్ నమూనాలు, రంగు కాగితాల ప్రాజెక్టుల గురించి ఒక్క మాటే. అవి దుకాణంలో కొంటారు లేదా అన్నయ్య చేస్తాడు. ఇవ్వకండి. అమావాస్య నుంచి పౌర్ణమి వరకు రోజూ చంద్రుణ్ణి బొమ్మ గీసి పక్కన తేదీ వేయమనండి, మబ్బు పట్టిన రోజున "కనిపించలేదు" అని రాయమనండి. ఖర్చు లేదు, దీన్ని అమ్మే దుకాణమూ లేదు.

మర్నాడు ఎలా చూడాలి

ముప్పై ఐదు పుస్తకాలు ఒక పీరియడ్‌లో దిద్దలేం. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే చదవకుండా టిక్కు కొట్టి సంతకం పెట్టే అలవాటు వచ్చింది. ఆ టిక్కు కన్నా అసలు చూడకపోవడం నయం. తప్పు లెక్క మీద టిక్కు పడిన పిల్ల అది సరైనదని నమ్ముతుంది.

నేను రోజుకు ఐదు పుస్తకాలే ఇంటికి తీసుకెళ్తాను, అక్షరం అక్షరం చూస్తాను. ముప్పై ఐదు మంది ఉంటే ఏడు బడి రోజుల్లో అందరిదీ ఒక చుట్టు అవుతుంది. ఎవరి వంతు ఎప్పుడో ముందు చెప్పను. మిగిలినవాళ్లు పక్కవాళ్లతో పుస్తకాలు మార్చుకుని, నేను బోర్డు మీద చేస్తుంటే చూసుకుంటారు. అదయ్యాక గది చుట్టూ తిరుగుతూ ఒకే ఒక్క లెక్క, ఉదాహరణకు మూడోది మాత్రం, అందరి పుస్తకాల్లోనూ చూస్తాను. పదిమంది ఒకే చోట తప్పారంటే తప్పు నా పాఠంలో ఉందని తెలిసిపోతుంది. అప్పుడు ఆ రోజు పాఠం ఆపి అదే మళ్లీ చెబుతాను. ఇంటిపని వల్ల టీచరుకు దక్కే అసలు లాభం ఈ సమాచారమే, మార్కులు కావు.

చేయని పిల్లను "ఎందుకు చేయలేదు?" అని అడిగితే కడుపునొప్పి, కరెంటు పోవడం, పుస్తకం మరిచిపోవడం వరుసగా వస్తాయి. "ఎక్కడ ఆగిపోయావు?" అని అడగండి. పుస్తకం తీసి వేలు పెట్టి చూపిస్తుంది. కొట్టడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, తరగతి బయట నిలబెట్టడం, అందరి ముందూ అనడం, ఇవేవీ కుదరవు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఇంటిపని చేయలేదని తిట్లు తిన్న పిల్ల మర్నాడు ఇంటిపని చేసి రాదు, బడికి రావడం మానేస్తుంది. మా ఊళ్లలో చేనిపనికి ఒక చెయ్యి ఎప్పుడూ తక్కువే కాబట్టి ఆ రాకపోవడాన్ని ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోరు.

ఒక్కోసారి పుస్తకంలో తల్లి రాత ముత్యాల్లా కనిపిస్తుంది. నిలదీయకండి. పని ఎక్కువైందని, లేదా అర్థం కాలేదని ఆ రాత చెబుతోంది. మర్నాడు సగం ఇవ్వండి. 7, 8 తరగతుల్లో ప్రశ్నను ఫోనుతో ఫొటో తీసి జవాబు దింపుకునేవాళ్లు ఇప్పుడు మామూలే. దానికి ఫోన్లు తిట్టి లాభం లేదు. పుస్తకం మూయించి, రాసుకొచ్చిన దానిలోంచి ఒక్క ప్రశ్న నోటితో అడగండి, రెండు నిమిషాలు చాలు.

ఇంట్లో పెద్దవాళ్లకు

రోజూ ఒకే వేళ, ఒకే చోట కూర్చోబెట్టండి. టీవీ ఆపండి. మీరు చేతిలో ఫోను పెట్టుకుని పిల్లను చదవమంటే చదవదు. జవాబు చెప్పకండి. "ప్రశ్న మళ్లీ చదువు, ఏమడిగారో నీ మాటల్లో చెప్పు" అనండి. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. 5వ తరగతి లోపు పిల్లలైతే అరగంట దాటాక, పూర్తయినా కాకపోయినా పుస్తకం మూయండి.

ప్రైవేటు బళ్లలో డైరీ నిండా ఐదు సబ్జెక్టుల పని వస్తుందని, రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో ఇంకొకటి చేరుతుందని మా చుట్టాలే వాపోతుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: గొడవకు వెళ్లకండి, పిల్లచేత అబద్ధం చెప్పించకండి, మీరే కూర్చుని రాసి పెట్టకండి. జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాయండి.

"మేడమ్ గారికి నమస్కారం. నిన్న మా అమ్మాయి 6.30కు కూర్చుని 7.15 వరకు రాసింది. లెక్కల్లో 4 వరకు సొంతంగా చేసింది. 5వది అర్థం కాలేదంది, నేను చెప్పలేదు. ఇంగ్లీషు రాత మొదలుపెట్టలేదు, నిద్ర వస్తుంటే నేనే ఆపేశాను. వీలైతే 5వ లెక్క మరొకసారి చెప్పండి."

ఇలాంటి చీటీలో ఫిర్యాదు లేదు కాబట్టి కోపం తెచ్చుకోవడానికి చోటుండదు. వారంలో నలుగురు తల్లులు ఇలా రాస్తే ఏ టీచరైనా పని తగ్గిస్తుంది. ప్రభుత్వ బడి టీచర్లకు ఇదే చీటీ వస్తే దాన్ని దాచుకోండి, అంత పనికొచ్చే సమాచారం ఇంకెక్కడా దొరకదు.

9, 10 తరగతుల సంగతి వేరు. ఆ వయసులో ఒంటరిగా కూర్చుని చదువుకోవడం అలవాటు కావాలి, ఇంటిపని వల్ల కొంత ప్రయోజనమూ ఉంది. అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2006లో తేల్చింది కూడా ఇలాంటిదే: ఇంటిపనికీ చదువులో ఫలితాలకూ సంబంధం 7వ తరగతి నుంచి పైకి బలంగా, కింది తరగతుల్లో బలహీనంగా కనిపించింది. నేను పై తరగతులకు చెప్పలేదు కాబట్టి అంతకు మించి సలహా ఇవ్వను.

సెలవులకు

దసరా సెలవులకు ఏమీ ఇవ్వను. సంక్రాంతికి ఒక్కటి ఇస్తాను, అదీ 4, 5 తరగతులకే: చుక్కల ముగ్గు. ఇంట్లోవాళ్లు ముగ్గు వేయబోతూ చుక్కలు పెట్టగానే, చుక్కలన్నీ ఎన్నో కాగితం మీద రాయాలి. ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టకూడదు.

సెలవుకు ముందు రోజు బడి ఆవరణలో ఒకటి వేసి చూపించండి. 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్కలు. నడుమ వరుసలో 7. అటూ ఇటూ 6, 5, 4. ఒక పక్క 15, రెండు పక్కలా 30, నడుమ 7 కలిపితే 37. అదే 7 చుక్కలు, 1 వచ్చేవరకు ఎదురు చుక్కలయితే అటూ ఇటూ 5, 3, 1. ఒక పక్క 9, రెండు పక్కలా 18, మొత్తం 25. ఇంత చూపించి ఆపేయండి. 15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్కల ముగ్గు ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. దాన్ని వాళ్లంతట వాళ్లు 169కి తెస్తారో లేదో చూడండి. తెచ్చినవాళ్లను ఎలా కూడారో అడగండి, 14 నుంచి 8 వరకు ఉన్న సంఖ్యలను జతలు కట్టి కూడినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు.

ముగ్గులు మాకు రావంటూ మగపిల్లలు తప్పించుకోవాలని చూస్తారు. చుక్కలు లెక్కవేయడానికి ముగ్గు రావలసిన పనిలేదని చెప్పి పంపండి.